ట్యాంకులో మిగిలిన పెట్రోలు

అనుమానం ముందు పుట్టి ఆ తరువాత నేను పుట్టానని మా అమ్మ అంటుంది. కాదనను. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం మెట్లు దిగినదాన్ని మళ్ళీ పైకెక్కి చూసుకుంటాను. మెట్రో ఎక్కితే దిగేదాకా కడ్డీ వదలను. తెలియని నంబరు నుంచి ఫోను మోగితే ముందు ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నారో ఒకసారి చూసుకుని అప్పుడు ఎత్తుతాను. ఇంత పిరికిదాన్ని, నిండు హాల్లో లేచి నిలబడి "పెట్రోలు ధర పెంచాలి" అని చెప్పడానికి ఒప్పుకున్నానంటే నాకే విడ్డూరంగా ఉంటుంది.

ఒప్పుకున్నది కూడా భయం వల్లే. మా ఇల్లు తార్నాకలో, మెయిన్ రోడ్డు వెనకే. పై వాటాలో అమ్మ, నాన్న, నేను. సిగ్నల్ దగ్గర బండ్లు ఆగినప్పుడల్లా ఆ పొగ మా వంటింట్లోకి చుట్టపుచూపుగా వస్తుంది, చుట్టంలా తిరిగి వెళ్ళదు. కిటికీ ఊచలు పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ నలుపు. దండెం మీద ఆరేసిన నాన్న పంచె మడత పెట్టేవేళకు బూడిదరంగు. ఊచలు తుడిచిన గుడ్డ చూసినప్పుడల్లా నాకు ఒకటే దిగులు. ఇదే కదా మా నాన్న ఊపిరితిత్తుల్లోకి పోతున్నది, గుడ్డనైతే ఉతుకుతాను, వాటిని ఎలా ఉతకను అని. ఇంటి నుంచి యూనివర్సిటీ క్యాంపస్ గేటు దాకా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే నడుస్తాను. గేటు దాటి చెట్ల కిందికి వెళ్ళాక గాని తీయను. ఈమధ్య అక్కడ కూడా తీయడం లేదు, సిగ్నల్ తప్పించుకోవడానికి బండ్లన్నీ క్యాంపస్ లోపలి నుంచే పోతున్నాయి.

క్యాంపస్‌లో నేను ఎకనామిక్స్ చెబుతాను. చెడు చేసే వస్తువు చవగ్గా దొరికినన్నాళ్ళు దాన్ని ఎవరూ మానరు, ధర పెరిగితే ఆచితూచి వాడతారు, ఆ పెంచిన ధరతో వచ్చిన సొమ్ము పెట్టి బస్సులు వేయొచ్చు. నా పాఠం సారాంశం అంతే. మా డిపార్ట్‌మెంటులో దీనిమీదే ఒక చర్చ పెట్టారు. పర్యావరణం కోసం పెట్రోలు, డీజిలు ధరలు పెంచాలా వద్దా అని. వద్దనడానికి కావలసినంతమంది ముందుకొచ్చారు. పెంచాలనడానికి పిట్ట కూడా రాలేదు. "పాఠం చెప్పేది మీరే కదా మేడమ్, మీరే కానివ్వండి" అని నా మెడకు చుట్టారు.

ఆ కబురు పిల్లలకు తెలిసిపోయింది. మర్నాడు క్లాసులో ఒకమ్మాయి లేచి నిలబడింది. సూర్యాపేట వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ చదువుకుంటోంది. వాళ్ళది వ్యవసాయం.

"మేడం, మా బాపు ట్రాక్టరు కిరాయికి తెచ్చి దున్నిస్తడు. డీజిల్ పెరిగితే కిరాయి పెరుగుతది. మీరు పెంచాలె అంటున్నరంట గదా?"

"పెంచి, ఆ వచ్చింది మీ నాన్నలాంటివాళ్ళకి తిరిగి ఇవ్వాలంటున్నానమ్మా."

"పెంచుడైతే రేపే అయితది మేడం. తిరిగిచ్చుడు ఎన్నడైతదో ఎవరికెరుక?"

క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "తక్కువ వాడుతరు, తక్కువ వాడుతరు అని బోర్డు మీద రాస్తున్నరు. తక్కువ వాడుడంటే ఎట్లుంటదో ఎన్నడన్న దగ్గరుండి చూసిన్రా?"

మంచి ప్రశ్న అని మెచ్చుకుని తరువాతి పేజీకి పోయాను. మేం టీచర్లం జవాబు లేనప్పుడు చేసే పని అదే. కాని ఆ రోజంతా ఆ మాట నన్ను వదలలేదు. హాల్లో ఇలాంటివాళ్ళు వందమంది లేచి అడిగితే నా గతేమిటని ఒకటే బెదురు.

బెదురు పోవడానికి ఇంట్లో మాట్లాడి చూసుకునేదాన్ని. వినేది నాన్న. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మాది పల్నాడు, ఆ ఉద్యోగమే మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. బాల్కనీలో స్టూలు వేసుకుని, చేతులు కట్టుకుని, అధికారి మాట వింటున్నవాడిలా వినేవాడు. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పు" అనేవాడు. అయితే అంత శ్రద్ధగా వింటూనే, ఎలక్షన్లు అయిపోయాయి గనక ఇక ధర పెంచుతారని ఎవరో అంటే, బంకులో వరసలో నిలబడి తన పాత స్కూటరు ట్యాంకు మూతి దాకా నింపుకొచ్చాడు.

అమ్మకు అంతకన్నా ఏం కావాలి. "కూతురేమో ధర పెంచండహో అని దండోరా వేస్తుంది. తండ్రేమో పెరిగేలోపల నింపుకొస్తాడు. శ్రీరంగనీతులు వినాలంటే మా ఇంటికే రావాలి" అంది.

నాన్న అప్పటికి నవ్వేశాడు గాని ఆ మాట లోపల ఎక్కడో తగిలినట్టుంది. రెండు రోజులు పోయాక, కాఫీ తాగుతూ, "అమ్మాయ్, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. స్కూటరు అమ్మేస్తున్నాను" అన్నాడు.

నేను నమ్మలేదు. ఆ స్కూటరు మీదే డ్యూటీకి వెళ్ళాడు, దానిమీదే నన్ను స్కూలుకు తీసుకెళ్ళాడు, రామంతాపూర్లో ఉన్న తన స్నేహితుడి దగ్గరికి ఇప్పటికీ దానిమీదే పోతాడు.

"మరి రామంతాపూర్ ఎలా వెళ్తావు?"

"బస్సులు లేవా? నువ్వేగా చెప్పావు, ఒక్కో మనిషి ఒక్కో ఇంజను వేసుకుని తిరగడమేమిటని. నాకు బాగా ఎక్కింది ఆ ముక్క."

నా కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో నా పాఠం విని మారిన మొదటి మనిషి మా నాన్న. ఆ పూట నాకు భయమన్నది గుర్తే రాలేదు. అంత సంతోషపడినప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

స్కూటరు కొనేవాడు మర్నాడు పొద్దున వచ్చి తీసుకెళ్తానన్నాడు. సాయంత్రం నాన్న కిందికి దిగాడు. చేతిలో తాపీమేస్త్రీలు మట్టం చూసుకునే సన్నపాటి ప్లాస్టిక్ పైపు, నాలుగైదు ఖాళీ మంచినీళ్ళ సీసాలు.

"ఇదేంటి నాన్నా?"

"బండి అమ్ముతున్నాను గాని పెట్రోలు అమ్మడం లేదుగా. వాడికి ఊరికే ఎందుకు పోవాలి? ఈ రోజుల్లో పెట్రోలంటే నెయ్యి."

కింద వాటాలో నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒకతను భార్యతో ఉంటాడు. బైక్ ట్యాక్సీ నడుపుతాడు. నాన్నంటే గౌరవం. అతని బండి అప్పటికే రిజర్వులో ఉంది. ఆ పెట్రోలు అతనికిద్దామని నాన్న ఉద్దేశం. అతను పక్కనే నిలబడి, "అంకుల్, నేను గుంజుత గదా, మీరెందుకు?" అంటున్నాడు.

"నీకేం తెలుసయ్యా. డీజిలు నోటితో లాగి లాగి వర్క్‌షాపులో నన్ను మించినవాడు లేడు" అన్నాడు నాన్న.

నేను మెట్ల మీద నిలబడ్డాను. మామూలు నేను తిరిగొచ్చేశాను. "నోటితో ఏంటి నాన్నా, చేత్తో నొక్కే పంపు షాపులో దొరుకుతుంది, నేను వెళ్ళి తెస్తాను" అన్నాను. పెట్రోలు పోసుకోవడానికి పంపు కొనుక్కొచ్చే ఇల్లు మన తెలుగునాట ఎక్కడైనా ఉంటుందా అని ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు.

మొదటి సీసా చక్కగా నిండింది. పైపు ఒక కొస ట్యాంకులో, ఒక కొస నోట్లో. బుగ్గలు లోపలికి పోయేలా ఒక్క లాగు లాగి, పెట్రోలు నోటిదాకా రాకముందే పైపు సీసాలోకి దించేశాడు. "చూశావా" అన్నట్టు నావైపు చూశాడు. నేను నవ్వాను కూడా.

రెండో సీసాకు మళ్ళీ లాగాడు. లాగుడు ఆ రోజుల్లోదే, ఊపిరి ఈ రోజుల్లోది. పెట్రోలు గబుక్కున వచ్చేసింది. నాన్న గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మనిషి నేల మీద కూలబడి దగ్గడం మొదలుపెట్టాడు. కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఒక చెయ్యి గొంతు మీద, ఒక చెయ్యి గాలిలో. పక్కన పైపు కొసలోంచి పెట్రోలు నేల మీద కారుతూనే ఉంది. నేను అరిచానని అందరూ అంటారు, నాకు మాత్రం నా నోరు పెగలలేదనే గుర్తు.

అమ్మ పై నుంచి చూసింది. అమ్మ నాలాంటిది కాదు. పత్తి పండే ఊళ్ళో పుట్టి పెరిగింది. పంట పోయిన ఏడు ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు పురుగులమందు తాగేవారు, కేక వినబడగానే ఆడవాళ్ళు ఉప్పు డబ్బా పట్టుకుని పరిగెత్తేవారు. ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తే బతికారు, లేకపోతే లేదు. ఆ ఊరి ఆడపిల్లలకు ముగ్గు వేయడం నేర్పినట్టే అది కూడా నేర్పుతారు. అమ్మ చెంబు నిండా ఉప్పు కలుపుకుని మెట్లు దిగొచ్చింది. ఒక్క ప్రశ్న అడగలేదు. నాన్న తల పట్టుకుని, చెంబు నోటికి ఆనించి, "తాగండి, తాగి కక్కేయండి, ఏం కాదు" అంది. కింద వాటా అతను ట్యాంకులోంచి పైపు పీకి పడేసి, వీపు నిమిరాడు. నేను నాన్న చేతులు పట్టుకున్నాను. ముగ్గురం కలిసి తాగించాం. నాన్న భళ్ళున కక్కాడు. వాకిలంతా పెట్రోలు వాసన.

"అమ్మయ్య, పోయింది" అంది అమ్మ.

పోలేదు. ఇప్పుడు వచ్చిన దగ్గు వేరు. ముందు దగ్గు పొరబోయినవాళ్ళు దగ్గే దగ్గు. ఇది లోపల ఏదో గీరుతున్నట్టు, ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి వస్తోంది. మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి సందు లేదు. పెదవుల రంగు మారింది. నాన్న నా కళ్ళలోకి చూశాడు. నాన్న కళ్ళలో భయం చూడడం నాకు అదే మొదలు. నేను ప్రతిదానికీ భయపడుతున్నప్పుడల్లా "నేనున్నానుగా" అన్న మనిషి కళ్ళవి.

"మేడం, ఆటో కోసం చూసుకుంట ఉంటే కాదు, నా బండి మీద పోదాం" అన్నాడు కింద వాటా అతను. బండి తాళం తిప్పాడు, స్టార్ట్ కాలేదు. రిజర్వు కూడా అయిపోయింది. ఆ పక్కనే ఉన్న సీసా ఎత్తి, మూత పీకి, గబగబా తన ట్యాంకులో పోశాడు. నాన్న నోటితో లాగిన పెట్రోలు మీదే నాన్నను తీసుకెళ్ళాం.

అతను ముందు, నాన్న మధ్యలో, వెనక నేను. నాన్న వీపు నా గుండెకు ఆనుకుని ఉంది. ప్రతి దగ్గుకూ మేమిద్దరం కలిసి కదిలిపోతున్నాం. తార్నాక సిగ్నల్ ఎర్రగా ఉంది. మా ముందు ఒక పాత లారీ. దాని గొట్టంలోంచి నల్లటి పొగ సూటిగా నాన్న ముఖం మీదికి. నా కొంగు తీసి నాన్న ముక్కుకు అడ్డం పెట్టాను, గాలి ఆడడం లేదని నాన్న తోసేశాడు. ఈ సిగ్నల్ గురించి, ఈ పొగ గురించి నేను ఎన్ని కాగితాలు రాశానో. ఆ క్షణంలో మాత్రం నాకు ఒకటే కోరిక. ఈ బండి ఆగకూడదు. ఇందులో పెట్రోలు అయిపోకూడదు. ఎంత ధరైనా సరే, ఎంత పొగైనా సరే. పచ్చలైటు పడకముందే అతను హారన్ కొడుతూ, సందుల్లోంచి, "జరగండి భాయ్, పేషెంట్ ఉన్నడు, జరగండి" అని అరుస్తూ తీసుకెళ్ళాడు. నేను దేవుళ్ళందరికీ మొక్కాను. ఎవరెవరికి ఏమేం మొక్కానో ఇప్పటికీ పూర్తిగా గుర్తు రావడం లేదు.

దగ్గర్లోని నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాం. నాన్నకు ఆక్సిజన్ మాస్కు పెట్టాక, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. నాకన్నా చిన్నది.

"ఏం తాగారు?"

"పెట్రోలు."

"ఎందుకు తాగారు?"

"తాగలేదండీ. స్కూటర్లోంచి తీస్తుంటే..."

"ఇంట్లో ఏమన్నా గొడవైందా? దాచకుండా చెప్పండి."

ఆ ప్రశ్నకు నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటిదాకా నాన్న పోతాడేమోనన్న భయం ఒక్కటే. ఇప్పుడు ఇంకోటి. మా నాన్న పెట్రోలు తాగి చావబోయాడని, దానికి మేం కారణమని రాసుకుంటారా? ఇలాంటి కేసుల్లో పోలీసులకు చెప్పి తీరాలని ఆమె నెమ్మదిగా చెప్పింది. అంతలో అమ్మ ఆటోలో వచ్చింది. చేతిలో ఇంకా ఉప్పు అంటుకునే ఉంది.

"వాంతి అయిందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"నేనే చేయించానమ్మా. ఉప్పునీళ్ళు పట్టించి మొత్తం కక్కించాను" అంది అమ్మ. ఆ మాట అన్నప్పుడు అమ్మ గొంతులో కాస్త ధైర్యం ఉంది.

డాక్టరమ్మ అమ్మ చేతుల వైపు చూసింది. తరువాత, "పురుగులమందుకే చేయించకూడదంటాం మేము. పెట్రోలుకైతే అసలే చేయించకూడదమ్మా. కడుపులో ఉన్నది పైకి వస్తూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైపుతో లాగినప్పుడే కాస్త పోయి ఉంటుందిలెండి, కాని..." అని ఆపేసింది.

అమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఏడవలేదు. తన అరచేతుల వైపే చూసుకుంటోంది. నేను పక్కన కూర్చుని "నీకేం తెలుసమ్మా, మేమూ పట్టుకున్నాంగా" అన్నాను. అమ్మ అరచేతులు కొంగుకు తుడుచుకుంది.

కానిస్టేబుల్ వచ్చాడు. వయసు మళ్ళినవాడే. విషయమంతా విని నా వంక అనుమానంగా చూశాడు. "ఏం అమ్మా, రేటు పెరుగుతదని పరేషాన్‌ల తాగిండా ఏంది?"

"కాదండీ..." నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ధర పెంచాలని నేను చెప్పబోతున్నాననీ, అది విని మా నాన్న స్కూటరు మానేద్దామనుకున్నాడనీ, మానేసే ముందు... ఇదంతా పోలీసుకు చెబితే నాకే వెర్రి అనుకుంటాడు. అంతలో మంచం మీంచి నాన్న చెయ్యెత్తాడు. మాస్కు వెనక దగ్గుతూనే, రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టి లాగినట్టు, తరువాత కిందికి దించినట్టు చేసి చూపించాడు.

కానిస్టేబుల్ ముఖం విచ్చుకుంది. "పైపు తోటి గుంజిండా? అరె, గంతేనా! మేం గూడ గట్లనే గుంజుతం గదా. మా బామ్మర్ది కూడ పోయినసారి మింగిండు" అని, రాసుకోవలసింది రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ గదిలో నాకు ఊపిరాడిన నిమిషం అదొక్కటే.

ఆ రాత్రి నాన్నకు జ్వరం వచ్చింది. పొద్దున ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మీద నీడలు కనిపించాయి. "ఎటు పోతుందో రెండు మూడు రోజులు చూడాలి" అన్నారు. ఆ రోజులు నేను ఎలా గడిపానో రాయమంటే రాయలేను. మంచం పక్కన కూర్చుని నాన్న ఛాతీ వైపే చూసేదాన్ని. పైకి లేచింది, దిగింది, మళ్ళీ లేస్తుందా? లేచింది. పక్కవాళ్ళు ఎవరైనా పలకరిస్తే కోపం వచ్చేది, ఈలోగా ఒకటి లేవడం నేను చూడకుండా పోతుందని. బోర్డు మీద నేను గీసే గీత గుర్తొచ్చేది. ధర పైకి పోతుంటే వాడకం కిందికి జారే గీత. ఆ గీత మీద ఎక్కడో ఒకచోట మా నాన్న పైపు నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా గీస్తున్నాను, నాకు కనిపించలేదు. తక్కువ వాడుడంటే ఎట్లుంటదో ఇప్పుడు దగ్గరుండి చూస్తున్నాను.

చూస్తుండగానే నాన్న తేరుకున్నాడు. జ్వరం దిగింది, మాస్కు తీశారు. మొదటి మాటగా "స్కూటరు తీసుకుపోయాడా?" అని అడిగాడు. కొనేవాడు వచ్చి ఎప్పుడో తీసుకుపోయాడు. ట్యాంకులో మిగిలిన పెట్రోలుతో సహా.

ఇంటికి తెచ్చాం. చర్చను డిపార్ట్‌మెంటువాళ్ళు నా కోసమని వెనక్కి జరిపారు. అమ్మకు చాలా రోజులు కూరల్లో ఉప్పు వేయడానికి చెయ్యి ఆడలేదు. చప్పిడి కూరలు పెట్టేది, మేం మారుమాటాడకుండా తినేవాళ్ళం. నాన్నకు కొత్తగా ఒక అలవాటు వచ్చింది. ఏది తాగబోయినా ముందు వాసన చూస్తాడు. మంచినీళ్ళైనా, కాఫీ అయినా. తను చూస్తున్నట్టు తనకే తెలియదు. మేం చూసీ చూడనట్టు ఊరుకుంటాం.

ఇంకో మార్పు కూడా వచ్చింది, అది నన్ను ఎక్కువ భయపెడుతుంది. పొగ పడడం లేదు. చెకప్‌కని ఆటోలో తీసుకెళ్తే, తార్నాక సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ దగ్గే. కిటికీలు మూసినా దగ్గే. ఇదివరకు ఆ పొగ అందరికీ మంచిది కాదని చెప్పేదాన్ని. ఇప్పుడు అది ఒక మనిషి కోసం వెతుక్కుంటూ వస్తున్నట్టు నాకనిపిస్తుంది. ఇన్ని బండ్లు తగ్గాలి, ఎలాగైనా తగ్గాలి, ధర పెంచైనా సరే తగ్గాలి అని పళ్ళు బిగబట్టి అనుకుంటాను. ఆ వెంటనే, పెంచితే ఇంకెవరి నాన్న ఏ మెట్ల కింద పైపు పట్టుకుంటాడోనని గుండె గుభేలుమంటుంది. రెండు భయాలూ నిజమే. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని పొమ్మనలేకపోతున్నాను.

చర్చ ముందురోజు, నేను మాట్లాడనని చెప్పేద్దామనుకుంటున్నాను నాన్నా అన్నాను.

"ఎందుకు?"

"ఇంట గెలవలేదుగా."

"సగం గెలిచాం. స్కూటరు పోయిందిగా" అన్నాడు నాన్న. "నేనూ వస్తాను. నేను వినకపోతే నీకు మాట రాదు."

అమ్మ వద్దంది, నేను వద్దన్నాను. ముక్కుకు మాస్కు తగిలించుకుని, చెప్పులు వేసుకుని కూర్చున్నాడు. పొద్దున్నే, ఇంకా బండ్లు పెరగకముందే, క్యాంపస్ చెట్ల కింద మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. హాల్లో చివరి వరుసలో, తలుపు దగ్గర కూర్చున్నాడు. సూర్యాపేట అమ్మాయి మొదటి వరుసలో ఉంది, పెన్ను పట్టుకుని, నన్ను వదలనన్నట్టు.

నా వంతు వచ్చింది. కాగితాలు తీశాను. "పెట్రోలు, డీజిలు ధరలు పెరగాలి" అన్నాను. గుసగుసలు లేచాయి. "ఎందుకంటే ధర పెరిగినప్పుడు మనుషులు..."

చివరి వరుసలో దగ్గు మొదలైంది. నాకు తెలిసిన దగ్గు. అందరూ తిరిగి చూశారు. నాన్న దగ్గుతూనే, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. తరువాతి వాక్యం కాగితం మీద స్పష్టంగా రాసి ఉంది. చదవలేకపోయాను.

"ధర పెరుగుతుందంటేనే మనుషులు ఏం చేస్తారో నేను పోయిన నెల చూశాను" అన్నాను. "అక్కడ దగ్గుతున్నది మా నాన్న. నా మాట విని స్కూటరు మానేశాడు. మిగిలిన పెట్రోలు ఊరికే పోకూడదని నోటితో లాగాడు. ఆయనకు ఇప్పుడు మీ బండ్ల పొగ పడదు. అందుకని ధర పెరగాలి. పెరిగిన రోజు ఇంకెవరూ ఆ పైపు నోట్లో పెట్టుకోకూడదు. మొదటిది ఎలా చేయాలో నాకు తెలుసు, దాన్నే పాఠంగా చెబుతాను. రెండోది ఎలా చేయాలో నాకు తెలియదు. తెలియకుండా మొదటిది చెప్పాలంటే భయమేస్తోంది."

సూర్యాపేట అమ్మాయి లేచింది. ప్రశ్న అడుగుతుందనుకున్నాను. ఆమె తన సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసుకుని, వరుసలన్నీ దాటుకుంటూ నాన్న దగ్గరికి పోయింది. "తాగుండ్రి బాపు, మంచినీళ్ళే" అంది.

నాన్న మాస్కు కిందికి లాగి, మూత తీసి, హాలంతా చూస్తుండగా ముందు వాసన చూశాడు. తరువాత తాగాడు.